ఎర్ర పిట్టల ఉత్తరాలు

పోయిన నెల ఈ శీర్షికలో "మీరు చూసిన ఎర్ర పిట్ట గురించి రాయండి, తోచింది అడగండి" అన్నాను. పోస్టులో వచ్చినవే ఒక సంచీడు ఉన్నాయి, వాట్సాప్‌లో వచ్చినవి వేరే. కాకినాడలో ముప్ఫై రెండేళ్ళు జువాలజీ పాఠాలు చెప్పాను గానీ ఒక్క నెలలో ఇన్ని మంచి ప్రశ్నలు నాకెప్పుడూ రాలేదు. ఎక్కువమంది అడిగిన సంగతులున్న ఆరు ఉత్తరాలు తీసుకున్నాను. మొదటిదానికి చోటు ఎక్కువ ఇచ్చాను. ఎందుకో చదివితే మీకే తెలుస్తుంది.

*

ప్రశ్న: మేడమ్‌గారికి నమస్కారం. మాది ఖమ్మం. ఆర్నెల్లుగా నార్త్ కరోలినాలో మా అమ్మాయి దగ్గర ఉంటున్నాను. మావారు నిరుడు కాలం చేశారు. మార్చి నుంచీ రోజూ పొద్దున్నే ఒక ఎర్ర పిట్ట వచ్చి వంటింటి కిటికీ అద్దాన్ని ముక్కుతో కొడుతోంది. తలమీద కుచ్చు ఉంది, ముక్కు చుట్టూ నలుపు. పక్కింటి అమెరికా ఆవిడ "మీ ఆయనే మిమ్మల్ని చూసిపోవడానికి వస్తున్నాడు" అంది. మా అమ్మాయి అదేం లేదంటుంది. మీరేమంటారు?
— ఒక అమ్మ, ఖమ్మం

జవాబు: అమ్మా, ముందు పిట్ట పేరు చెబుతాను. అక్కడ దాన్ని కార్డినల్ అంటారు. క్యాథలిక్ చర్చిలో పోపు తర్వాత అంత పెద్దలైన కార్డినల్స్ ఎర్రటి అంగీలు వేసుకుంటారు. వాళ్ళ మీదుగా పిట్టకు ఆ పేరొచ్చింది. 1943 నుంచి నార్త్ కరోలినా రాష్ట్ర పక్షి అదే. ఒహాయో, ఇండియానా, ఇలినాయ్, కెంటకీ, వర్జీనియా, వెస్ట్ వర్జీనియాలకు కూడా అదే. అమెరికాలో ఏడు రాష్ట్రాలు ఎంచుకున్న పిట్ట ఇంకొకటి లేదు. న్యూజెర్సీలోనో డల్లాస్‌లోనో అట్లాంటాలోనో పిల్లలున్న మన తల్లిదండ్రులు చాలామంది దీన్ని చూసే ఉంటారు. కాలిఫోర్నియాకో సియాటిల్‌కో వెళ్ళినవాళ్ళకు మాత్రం ఇంటి పెరట్లో కనబడదు.

అది వలస పోదు. మంచు కురిసినా ఆ చెట్లలోనే ఉంటుంది. 2014 డిసెంబరులో వర్జీనియాలో మా తమ్ముడింటికి వెళ్ళాను. ఆకు అన్నది లేని చెట్టు, కింద అంతా మంచు. సాయంత్రం అయిదు దాటింది, మిగతా పిట్టలన్నీ వెళ్ళిపోయాయి. ఆ మసక వెలుతురులో ఒక్క కార్డినల్ కొమ్మ మీద కూర్చుని ఉంది, పూజలో పెట్టిన మందార పువ్వులా. పొద్దున గింజల దగ్గరికి ముందు వచ్చేదీ, సాయంత్రం ఆఖరున వెళ్ళేదీ అదేనని ఆ నెల రోజుల్లో గమనించాను.

ఇక అద్దం సంగతి. మార్చి నుంచి దానికి గూడు కట్టే కాలం. ఈ తోట నాది అని మగపిట్ట హద్దులు గీసుకుంటుంది. ఆ హద్దులోకి ఇంకో మగది వస్తే ఊరుకోదు. మీ కిటికీలో దానికి కనిపిస్తున్నది తన బొమ్మే. ఎంత తరిమినా పోని మగపిట్ట ఒకటి ఎదురుగా నిలబడి ఉందని దాని బాధ. మా ఇంట్లో తేనెపిట్ట ఇదే పని చేసేది. ఫిబ్రవరి వచ్చిందంటే మావారి స్కూటర్ అద్దాల మీద వాలి పొద్దస్తమానం పొడిచేది. చివరికి అద్దాలకు పాత మేజోళ్ళు తొడిగి ఉంచేవాళ్ళం. మీరు కూడా కిటికీ బయటివైపు పాత పేపరు అంటించండి. లేదా సబ్బునీళ్ళు పూసి అలాగే ఆరనివ్వండి. లోపల కర్టెన్ వేస్తే లాభం లేదు, బొమ్మ కనబడేది బయటి అద్దంలో కదా. గూడు కాలం అయిపోయాక దానంతట అదే మానేస్తుంది. ఈలోగా ఆ పిట్ట తిండి మానుకుని అలిసిపోకుండా చూడటం మన చేతిలో పని.

మీ పక్కింటావిడ చెప్పిన మాట ఆవిడ ఒక్కరిదే కాదు. పోయినవాళ్ళు కార్డినల్ రూపంలో వచ్చి చూసిపోతారని అమెరికాలో చాలామంది నమ్ముతారు. సంతాపం తెలిపే కార్డుల మీద ఆ పిట్ట బొమ్మ వేస్తారు. మా నాన్నగారి పదో రోజున గోదావరి గట్టున పిండం పెట్టి కాకి కోసం గంటన్నర నిలబడ్డాం. నేను అప్పటికే ఎమ్మెస్సీ చదివి కాలేజీలో పాఠాలు చెబుతున్నాను. కాకి ఎందుకు వస్తుందో, మనుషులు గుంపుగా ఉంటే ఎందుకు జంకుతుందో నాకు తెలుసు. అయినా అది దిగి ముద్ద ముట్టినప్పుడు మా అమ్మ చెయ్యి గట్టిగా పట్టుకుని ఏడ్చాను. మీ అమ్మాయి చెప్పింది నిజమే. ఆ పిట్టను చూసినప్పుడు మీ మనసు కుదుటపడటం కూడా నిజమే. రెంటికీ మీ వంటింట్లో చోటుంది.

ఇంకొక్క మాట, అమ్మా. ఆ ఎర్రదాని చుట్టుపక్కల లేత గోధుమరంగు పిట్ట ఒకటి ఉంటుంది, చూశారా? దానికీ తురాయి ఉంటుంది, ముక్కు పగడంలా ఉంటుంది, రెక్కల అంచుల్లోనూ తోకలోనూ ఎవరో కుంకుమ చేత్తో తాకినట్టు కాస్త ఎరుపు ఉంటుంది. అది ఆడది. చల్లటి దేశాల్లో చాలా రకాల పిట్టల్లో పాట మగవాటిదే. కార్డినల్‌లో ఆడది కూడా పాడుతుంది, గూట్లో పొదుగుతూ కూర్చుని మరీ పాడుతుంది. పొట్టు తీయని పొద్దుతిరుగుడు గింజలు ఒక పళ్ళెంలో పోసి బయట పెట్టండి. మగది ఒక గింజ తీసి, ముక్కులో అటూ ఇటూ తిప్పి, పొట్టు ఒలిచి, గెంతుతూ ఆడదాని పక్కకు వెళ్ళి, తల పక్కకు వంచి పప్పు దాని నోటికి అందిస్తుంది. నేను మా తమ్ముడి ఇంటికి మళ్ళీ ఏప్రిల్‌లో వెళ్ళినప్పుడు, కాఫీ చల్లారిపోయేదాకా నిలబడి అదే చూశాను.

*

ప్రశ్న: మేడమ్, మాది వరంగల్ దగ్గర పల్లె. మా చెరువు కట్ట కింద జమ్ములో ఆగస్టుల ఎర్రటి పిట్టలు చూసిన. పిచ్చుక కంటె చిన్నగున్నయి, ఒంటి నిండ తెల్ల చుక్కలు. మొన్న సంతల ఒకాయన అసొంటివే పంజరంల పెట్టి అమ్ముతున్నడు. ఒక జత కొని పెంచుకోవచ్చా?
— డిగ్రీ విద్యార్థి, వరంగల్ జిల్లా

జవాబు: కొనొద్దు బాబూ. ముందు ఈ మాట చెప్పేసి మిగతాది తర్వాత చెబుతాను. 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద ఆ పిట్టను పట్టడం, అమ్మడం, ఇంట్లో ఉంచుకోవడం అన్నీ నేరమే. జాలిపడి విడిపిద్దామని డబ్బిచ్చి కొన్నా, ఆ డబ్బుతో వాడు ఇంకో వల కొంటాడు. సంతలో మళ్ళీ కనిపిస్తే అటవీశాఖవాళ్ళకు ఫోన్ చెయ్యి.

నువ్వు చూసింది ఎర్ర జినువాయి. పిట్టలు పట్టేవాళ్ళు లాల్ మునియా అంటారు. ముక్కు కొస నుంచి తోక కొస దాకా 10 సెంటీమీటర్లు, అంటే నీ చూపుడు వేలు కంటే కాస్త పొడుగు. దాని శాస్త్రీయ నామం అమండవ అమండవ. ఆ పేరులో మన దేశపు ఊరొకటి దాగి ఉంది, అహ్మదాబాద్. ఆ ఊరి నుంచి ఈ పిట్టలను పంజరాల్లో పెట్టి ఓడల్లో యూరప్‌కు పంపేవాళ్ళు. అక్కడివాళ్ళ నోట్లో ఊరి పేరు నలిగి నలిగి అమండవ అయింది, ఇంగ్లీషులో అవదవత్ అయింది. 1758లో లిన్నేయస్ అనే స్వీడన్ శాస్త్రవేత్త, జీవులకు శాస్త్రీయ నామాలు పెట్టే పద్ధతి తెచ్చినాయన, ఆ పేరే పుస్తకంలోకి ఎక్కించాడు. ఒక పిట్ట పేరే దాన్ని అమ్మిన బజారు పేరు కావడం తలుచుకుంటే నాకు ఇప్పటికీ మనసు చివుక్కుమంటుంది.

నువ్వు ఆగస్టులో చూడటం అదృష్టం. చాలా పిట్టలు వేసవిలో గూళ్ళు కడితే, ఇది వానాకాలం దాకా ఆగుతుంది. గడ్డి గింజ కట్టాక పిల్లలకు తిండికి లోటుండదు కదా. మగదానికి ఆ ఎరుపు కూడా ఆ రోజుల్లోనే. గూళ్ళ కాలం అయిపోయాక ఈకలు రాల్చుకుని గోధుమరంగుకు తిరుగుతుంది, తోక మొదట్లో మాత్రం ఎరుపు మిగులుతుంది. ఎండాకాలంలో అదే జమ్ములో అదే పిట్టను చూస్తే నువ్వు గుర్తుపట్టలేవు. ముక్కు రంగు సైతం ఏడాదిలో నలుపుకూ ఎరుపుకూ మధ్య మారుతుంది. ఈ జాతి చిన్న పిట్టల్లో ఇలా కాలాన్ని బట్టి బట్టలు మార్చేవి చాలా తక్కువ.

మరి పంజరంలో? మంచి తిండీ ఎండా లేక కొత్త ఈకలు రంగు తప్పి వస్తాయి. కొన్ని మొత్తానికి నల్లబడిపోతాయి. ఎరుపు కోసం కొన్నవాడి చేతిలో ఎరుపే మిగలదు. సంతల్లో ఇంకో దారుణం కూడా చూశాను, మామూలు గోధుమరంగు జినువాయిలకు ఆకుపచ్చ, ఎరుపు రంగులు పులిమి కొత్త రకమని అమ్ముతారు. కడిగితే పోయే రంగు, దాన్ని నోటితో దువ్వుకుంటూ ఆ పిట్ట మింగుతుంది.

పిఠాపురం దగ్గర చెరకు తోట గట్టున, నాకు ఉద్యోగం వచ్చిన కొత్తల్లో, దీని గూడు చూశాను. కొబ్బరికాయంత గడ్డి బంతి, నేలకు మోకాలెత్తులో ముళ్ళపొదలో ఉంది, పక్కన చిన్న ద్వారం. లోపల మెత్తటి గడ్డి, ఈకలు. తెల్లటి గుడ్లు అయిదు కనిపించాయి, చింతగింజంత ఉన్నాయో లేదో. నేను వెనక్కి జరిగి కూర్చున్నాక రెండూ వచ్చి ఒకే పుల్ల మీద భుజం భుజం ఆనించి కూర్చున్నాయి. ఆడది మెడ చాచింది, మగది ఆ మెడ మీది ఈకలు ఒక్కొక్కటే సర్దింది. నువ్వూ పొద్దున ఏడింటికల్లా కట్ట మీదికి పోయి, కదలకుండా ఒక అరగంట కూర్చో. జత కొనాల్సిన పని లేదు, గుంపు గుంపే నీ ముందు దిగుతుంది.

*

ప్రశ్న: హైదరాబాద్‌లో ఒక పెట్ షాపులో నారింజ, ఎరుపు రంగుల్లో కానరీ పిట్టలు చూశాను. రెడ్ ఫ్యాక్టర్ అని చెప్పారు. పుస్తకాల్లో కానరీ పసుపు కదా? అది రంగు వేసిందా, పుట్టు రంగా?
— ఇంటర్ బైపీసీ విద్యార్థిని, హైదరాబాద్

జవాబు: పుట్టు రంగే తల్లీ, తిండి రంగు కూడాను. నీ ప్రశ్నకు జవాబు కోడిగుడ్డుతో మొదలుపెడతాను.

పెరట్లో తిరిగి ఆకూ అలమూ తిన్న నాటుకోడి గుడ్డు పగలగొడితే సొన ముదురు పసుపుగా ఉంటుంది. పచ్చిమేత దొరకని కోడి గుడ్డులో పాలిపోయి ఉంటుంది. ఆ పసుపు కోడి తయారుచేసింది కాదు, తిన్నది. కెరోటినాయిడ్లు అనే ఈ రంగుపదార్థాలను మొక్కలూ నాచూ కొన్ని సూక్ష్మజీవులూ చేస్తాయి. పిట్ట ఒంట్లో అవి తయారుకావు. పండ్లు, గింజలు, పురుగులు తిని సంపాదించుకోవాల్సిందే. పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోల గులాబీ రంగు కూడా అవి తినే నాచుదీ, చిన్న రొయ్యల్లాంటి జీవాలదీ.

అయితే తిండిలో ఎక్కువగా దొరికేది పసుపు. దాన్ని ఎరుపు చేసుకోవడానికి పిట్ట ఒంట్లో ఒక ఎంజైము కావాలి. ఆ ఎంజైముకు సంబంధించిన జన్యువును 2016లో రెండు పరిశోధక బృందాలు విడివిడిగా పట్టుకున్నాయి. దాని పేరు సీవైపీ2జే19. ఒక బృందం పట్టుకున్నది నువ్వు చూసిన ఎర్ర కానరీలోనే.

కానరీకి ఈ ఎరుపు ఎలా వచ్చిందో వినదగ్గ కథ. 1920లలో జర్మనీలోని బ్రేమెన్‌లో హాన్స్ డుంకర్ అనే స్కూలు టీచరు ఉండేవాడు. దక్షిణ అమెరికాలోని వెనెజులా వైపు రెడ్ సిస్కిన్ అని నల్లటి తల, నిప్పులాంటి ఒళ్ళు ఉన్న చిన్న పిట్ట ఉంది. దాన్ని పసుపు కానరీతో కలిపి, పుట్టిన పిల్లలను మళ్ళీ కానరీతో కలిపి, తరం తర్వాత తరం ఎరుపు జన్యువును కానరీలోకి తేవాలన్నది అతని ప్రయత్నం. జన్యువు వచ్చింది, కానీ పిట్టలు నారింజ దగ్గరే ఆగిపోయాయి. లోటు తిండిలో ఉందని తర్వాతివాళ్ళు గ్రహించి, ఈకలు మార్చే రోజుల్లో కెరోటినాయిడ్లున్న మేత పెడితే అప్పుడు ఎర్రబడ్డాయి. జన్యువు ఒక్కటీ చాలలేదు, తిండి ఒక్కటీ చాలలేదు. పరీక్షలో జన్యువా, పరిసరాలా అని ప్రశ్న వస్తే ఈ కానరీని ఉదాహరణగా రాయి, దిద్దే మాస్టారు సంతోషిస్తారు.

కథలో రెడ్ సిస్కిన్‌కు ఏం మిగిలిందో కూడా చెప్పాలి. ఎర్ర కానరీలు కావాలన్న మోజులో అడవిలో దాన్ని వలలు వేసి ఊడ్చేశారు. ఇవాళ అంతరించే ప్రమాదం ఉన్న పిట్టల జాబితాలో ఉంది. 2000లో గయానా దక్షిణాన గడ్డి మైదానాల్లో ఎవరికీ తెలియని గుంపు ఒకటి బయటపడింది. ఆ వార్త చదివిన రోజు క్లాసులో పాఠం ఆపి పిల్లలకు చెప్పాను.

*

ప్రశ్న: అరకు వెళ్ళినప్పుడు ఒక చెట్టు చిటారున ఎర్ర పిట్టలు, పసుపు పిట్టలు కలిసి తిరుగుతున్నాయి. రెండు జాతులు స్నేహంగా ఉంటాయా?
— విశాఖపట్నం నుంచి ఒక బ్యాంకు ఉద్యోగి

జవాబు: ఒకే జాతి అండీ. స్కార్లెట్ మినివెట్. నలుపు మీద కుంకుమ ఎరుపు ఉన్నది మగది, బూడిదరంగు మీద పసుపు ఉన్నది ఆడది. తూర్పు కనుమల అడవుల్లో చలికాలంలో గుంపులుగా కనిపిస్తాయి. ఒకటి ఎగిరితే వెనకే మిగతావన్నీ వరుసగా ఎగురుతాయి. బైనాక్యులర్స్ లేకుండా చిటారున గుర్తుపట్టారంటే మీ కళ్ళు చాలా మంచివి. ఈసారి వెళ్ళినప్పుడు కాఫీ తోటల్లో నీడ కోసం ఉంచిన పెద్ద చెట్ల పైభాగం చూడండి.

*

ప్రశ్న: నేను మూడో తరగతికి ఇంగ్లీషు చెబుతాను. పాఠంలో ఎర్ర రొమ్ము రాబిన్ బొమ్మ ఉంది. పిల్లలకు నిజం పిట్టను చూపిద్దామని మన రాబిన్‌ను చూపిస్తే "టీచర్, ఎరుపేదీ?" అన్నారు. ఏం చెప్పాలి?
— ఉపాధ్యాయిని, విజయవాడ

జవాబు: పిల్లలను పిట్ట వెనకవైపు చూడమనండి! మన రాబిన్ అంటే నల్లంచి. మగది నల్లగా నిగనిగలాడుతుంది, భుజం దగ్గర తెల్ల మచ్చ, తోక ఎప్పుడూ నిక్కబొడుచుకుని ఉంటుంది. ఆ తోక కిందే ఇటుక ఎరుపు దాచుకుంది.

పాఠంలోది ఇంగ్లండ్ రాబిన్. ఆ దేశంవాళ్ళు ఎక్కడికి పోయినా ఎర్ర రొమ్ము పిట్ట కనిపిస్తే తమ ఊరి బెంగతో రాబిన్ అని పిలిచారు. అమెరికా రాబిన్ వేరే కుటుంబం, ఆస్ట్రేలియా స్కార్లెట్ రాబిన్ ఇంకా దూరం. విక్టోరియా రాణి కాలంలో ఎర్ర కోటు వేసుకున్న పోస్టుమన్లను కూడా ఇంగ్లండ్‌లో రాబిన్లనే పిలిచేవాళ్ళు. క్రిస్మస్ కార్డుల మీద ఆ పిట్ట బొమ్మ అంతగా కనిపించడానికి వాళ్ళూ ఒక కారణమని చెబుతారు. పిల్లలకు ఇది నచ్చుతుంది.

ఆ రొమ్ము రంగు కార్డినల్ ఎరుపులా తిండిలోంచి వచ్చింది కాదు. మెలనిన్‌లో ఒక రకం, దాన్ని పిట్టే తయారుచేసుకుంటుంది. కొందరు యూరప్‌వాళ్ళ ఎర్ర జుట్టులో ఉండేది కూడా ఆ రకమే. అందుకే అది నిప్పు ఎరుపు కాదు, పండిన గోరింటాకు రంగు.

1930లలో ఇంగ్లండ్‌లోని డెవన్‌లో డేవిడ్ లాక్ అనే ఆయన, మీలాగే బడి మాస్టారు, ఈ పిట్టలతో ఒక పరీక్ష చేశాడు. రాబిన్ హద్దులో కొన్ని ఎర్ర రొమ్ము ఈకలను గుత్తిగా కట్టి పెట్టాడు. తల లేదు, రెక్కల్లేవు, తోక లేదు. అయినా మగ రాబిన్ దాని మీద పడి దాడి చేసింది. ఖమ్మం అమ్మగారి కిటికీ దగ్గర జరుగుతున్నది కూడా ఇలాంటిదే. పిల్లలకు పరీక్షగా చేయించకండి గానీ, కథగా చెప్పండి.

*

ప్రశ్న: ఇన్ని పిట్టలు చూశారు కదా మేడమ్, ప్రపంచంలో మీరు ఇంకా చూడని, చూడాలని ఉన్న ఎర్ర పిట్ట ఏది?
— సాఫ్ట్‌వేర్ ఇంజినీరు, బెంగళూరు

జవాబు: ఇఈవీ. హవాయి దీవుల పిట్ట. ఒళ్ళంతా సింధూరం, రెక్కలూ తోకా నలుపు, కొడవలిలా వంగిన లేత ఎరుపు ముక్కు. ఓహియా అనే చెట్టు ఎర్రటి పూలలో ఆ ముక్కు దించి తేనె తాగుతుంది. హవాయి రాజులు ఈ ఈకలతో అంగవస్త్రాలు కుట్టించుకునేవాళ్ళు. వాటిని అహుఉలా అంటారు, ఎర్ర వస్త్రం అని అర్థం. 1779లో కలానిఓపుఉ అనే రాజు తన ఒంటి మీది అలాంటి వస్త్రాన్ని తీసి ఇంగ్లీషు నావికుడు కెప్టెన్ కుక్‌కు కప్పాడు. అది ఇంగ్లండ్ చేరి, అక్కడి నుంచి న్యూజిలాండ్ మ్యూజియానికి పోయి, 237 ఏళ్ళ తర్వాత 2016లో సొంత దీవులకు తిరిగొచ్చింది. ఈకల ఎరుపు ఇంకా అలాగే ఉంది.

పిట్టకు మాత్రం అంత క్షేమం దక్కలేదు. హవాయిలో అసలు దోమలు ఉండేవి కావు. 1826లో ఒక ఓడ నీళ్ళ పీపాల్లో దోమ పిల్లలు మౌయి దీవికి చేరాయి. తర్వాత బయటి పిట్టలతో పాటు పక్షి మలేరియా వచ్చింది. తరతరాలుగా దోమకాటు ఎరగని పిట్టలు, ఒంట్లో తట్టుకునే శక్తి ఎక్కణ్ణుంచి వస్తుంది? ఒక పరీక్షలో జబ్బున్న దోమ ఒక్కటి కుట్టిన ఇఈవీలలో పదింట తొమ్మిది చనిపోయాయి. అందుకే అవి ఇప్పుడు దోమ బతకలేనంత చల్లగా ఉండే కొండల మీద, దాదాపు 1,200 మీటర్లకు పైన మిగిలాయి. భూమి వేడెక్కుతోంది, దోమలు ఏటేటా పైకి ఎక్కుతున్నాయి. పిట్టకు ఎక్కడానికి ఇంకా కొండ లేదు. 2017లో అమెరికా ప్రభుత్వం దాన్ని ముప్పులో ఉన్న జీవిగా ప్రకటించింది.

ఈ కథ నాకు అంత దగ్గర కావడానికి కారణం మన హైదరాబాదే. 1897 ఆగస్టు 20న సికింద్రాబాద్ బేగంపేటలో రోనాల్డ్ రాస్ దోమ కడుపులో మలేరియా పరాన్నజీవిని చూశాడు. మరుసటి ఏడాది కలకత్తాలో ఆ దారి మొత్తం, దోమ నుంచి ప్రాణికి జబ్బు ఎలా పాకుతుందో, రుజువు చేసింది మనుషుల మీద కాదు, పిట్టల మీద. పక్షి మలేరియా మీద చేసిన ఆ పనితోనే మలేరియా గుట్టు రట్టయింది. ఆ పరీక్షల్లో ఆయన వాడిన దోమ క్యూలెక్స్. మన మురుగు కాలవల్లో పుట్టి బోదకాలు తెచ్చే దోమ అదే. హవాయిలో ఇఈవీని చంపుతున్నదీ అదే. ఏటా మా బీఎస్సీ పిల్లలను బేగంపేటలోని ఆ పాత భవనానికి తీసుకెళ్ళేదాన్ని. రాస్ కూర్చున్న చోట నిలబెట్టి హవాయి పిట్ట బొమ్మ చూపించేదాన్ని. "మేడమ్, ఇక్కడ దొరికిన సంగతితో అక్కడి పిట్టను బతికించలేమా?" అని ఒక అమ్మాయి అడిగింది. అప్పట్లో నా దగ్గర జవాబు లేదు.

ఇప్పుడు ఉంది. 2023 చివరి నుంచి మౌయి కొండల్లో హెలికాప్టర్ల మీంచి మగ దోమలను వదులుతున్నారు. మగ దోమ కుట్టదు. వీటి ఒంట్లో వోల్బాకియా అనే బ్యాక్టీరియాలో, అక్కడి అడవి దోమల్లో ఉన్నది కాక, వేరే రకం ఉంటుంది. అడవిలోని ఆడదోమ వీటితో కలిస్తే గుడ్లు పెడుతుంది గానీ అవి పిల్లలు కావు. మందు చల్లడం లేదు, చెట్టు కొట్టడం లేదు. వారం వారం లక్షల దోమలను పెంచి, నేలలో కలిసిపోయే చిన్న డబ్బాల్లో పెట్టి, ఆ పచ్చటి లోయల్లోకి జారవిడుస్తున్నారు. ఆ అమ్మాయి ఇప్పుడు నెల్లూరులో స్కూలు టీచరు. ఈ సంగతి ఫోన్ చేసి చెబితే, బడి గంట కొట్టేదాకా లైన్‌లోనే ఉండి అన్నీ అడిగింది. ఎన్ని దోమలు, ఎన్ని పిట్టలు మిగిలాయి, వాటికి మళ్ళీ కిందికి దిగే ధైర్యం వస్తుందా అని.